చేపల కల తెలియదన్నాను

మార్స్‌డెన్, అయోవా
1979 సెప్టెంబరు 9

డాక్టర్ ఒజెల్లా మింటర్ గారికి,

నా పేరు కెటూరా బోల్డెన్. మనస్తత్వశాస్త్రం చదివే నల్లపిల్లలకు తలా ఒక పెద్దవారిని తోడుగా కుదిర్చే మన సంఘం వాళ్ళు సవానాలోని మీ చిరునామా పంపారు. "ఆవిడ ఫోన్లో మాట్లాడరు, ఉత్తరాలే. జవాబు ఆలస్యమైతే ఊరుకోరు" అని అడుగున పెన్సిలుతో రాసి ఉంది. అందుకే కాస్త భయపడుతూ మొదలుపెడుతున్నాను.

మాది మిసిసిపీలో షుగర్ బెండ్ అనే చిన్న పల్లె. నన్ను పెంచింది మా అమ్మమ్మ. మా ఇంట్లో హైస్కూలు గడప దాటిన మొదటిదాన్ని నేనే. ఇక్కడికి పైచదువుకు బయల్దేరుతుంటే అమ్మమ్మ అడిగింది: "ఇంతకీ అంత దూరం పోయి ఏం చదువుతావే?"

"మనుషుల మనసులు, అమ్మమ్మా."

"దానికి బడి కావాలటే? ఆదివారం చర్చి అయ్యాక మన వరండాలో కూర్చో. ఊరందరి మనసులూ నీ ఒళ్ళో పోసిపోతారు."

ఇక్కడ ఎటు చూసినా మొక్కజొన్నే. గాలి వీస్తే చేను చేనంతా ఒక్కటిగా ఊపిరి తీసినట్టుంటుంది. తరగతిలో పదకొండు మందిమి. నల్లపిల్లను నేనొక్కదాన్నే. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. కానీ నేను దగ్గినా గదంతా వింటుంది. మొన్న కలలో ఆ చేలో ఈదుతున్నాను. పాదాలకు నేల తగలడం లేదు, అయినా భయం వేయలేదు. ఒడ్డున ఎవరో నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

అక్టోబరు నుంచి ఊళ్ళోని ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డులో శిక్షణ. మాపై అధికారి డాక్టర్ హాల్వర్సన్. ఆయన సంతకం పెడితేనే నా చదువు ముందుకు సాగుతుంది. ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో చెప్పండి.

వినయంతో,
కెటూరా బోల్డెన్


సవానా, జార్జియా
సెప్టెంబరు 23

కెటూరా, తల్లీ,

ముందు ఆ డాక్టర్ గారిని తీసెయ్. పీతలు అమ్మేవాడి దగ్గర్నుంచి పాస్టరు దాకా ఇక్కడ అందరికీ నేను మిస్ ఒజెల్లానే. ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది. మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. మా ఇంటి వెనక ఉప్పునీటి గడ్డిమేట. రోజుకు రెండుసార్లు సముద్రం పిలవని చుట్టంలా వచ్చి, గడ్డిని నడుముదాకా తడిపి, చెప్పకుండా వెళ్ళిపోతుంది. మధ్యాహ్నాలు నేను దాన్ని చూస్తూ కునుకు తీస్తాను. నీ ఉత్తరం అలాంటి వేళే వచ్చింది. అందుకని ఆ మొక్కజొన్న చేలో కాసేపు నేనూ ఈదాను.

నా పద్ధతి విను. చేత్తో రాయి. ఎవరేమన్నారో అన్నది అన్నట్టు రాయి. "అంతా బాగుంది" అని రాస్తే ఉత్తరం తిప్పి పంపేస్తాను, తపాలా బిళ్ళ నీదే.

ఏం చేయకూడదని అడిగావు. సంతకం పెట్టేవాడితో వాదించకూడదు. పట్టా చేతికొచ్చేదాకా నోరు దగ్గర పెట్టుకో. వచ్చాక ఎంతైనా మాట్లాడవచ్చు. ఇలా చెప్పే పదహారు మందిని ఒడ్డు చేర్చాను, ఒక్కరూ మునగలేదు.

ఉన్ని మేజోళ్ళు కొనుక్కో. అక్కడి చలికి తలకు రాసుకున్న నూనె కూడా గడ్డకడుతుంది, గుడ్డ చుట్టుకో. సరిగ్గా తిను.

ఒజెల్లా


మార్స్‌డెన్
నవంబరు 4

మిస్ ఒజెల్లా గారికి,

నిన్న మంచు మొదలైంది. చప్పుడు లేకుండా పడుతుందని ఎవరూ చెప్పలేదు నాకు. కిటికీ దగ్గర గంటసేపు నిలబడిపోయాను, ఎవరో ఊరిని నెమ్మదిగా చెరిపేస్తున్నట్టు అనిపించింది.

ఒక సంతోషమైన సంగతి. నేను రాసిన మొదటి నివేదికను డాక్టర్ హాల్వర్సన్ అందరి ముందూ మెచ్చుకున్నారు. "జాలి కలపకుండా రాశావు. ఇది చాలామందికి రాదు" అన్నారు. వార్డు నుంచి నా గది దాకా మంచులో నడిచి వచ్చాను. చలి తెలియలేదు.

నివేదిక ఆర్డీలియా టబ్స్ అనే అరవైయారేళ్ళ ఆవిడ గురించి. మనవాళ్ళే. ఇక్కడి మాంసం కర్మాగారంలో పనిచేసే కొడుకుతో పాటు ఆర్కన్సా నుంచి వచ్చారు. ఆగస్టులో భర్త పోయాడు. ఒక చలి ఉదయం రాత్రి గౌనుతోనే వరండాలో కూర్చుని ఆయనతో మాట్లాడుతుంటే పక్కింటివాళ్ళు పోలీసులకు చెప్పారు, వాళ్ళు ఇక్కడ చేర్చారు. నేను ఇలా రాశాను: "రోగి చనిపోయిన భర్తతో సంభాషిస్తున్నది. చేపల ద్వారా తనకు గర్భాల గురించి సమాచారం అందుతుందని నమ్ముతున్నది. పేరు పెట్టి పిలిస్తే స్పందన లేదు."

వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి కదూ?

మీ కెటూరా


సవానా
నవంబరు 15

కెటూరా,

వాక్యాలు శుభ్రంగానే ఉన్నాయి. ఎవరేమన్నారో రాయమన్నాను. నీ ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కటీ లేదు. మిసిసిపీలో పెరిగిన పిల్లవు, చేపల సంగతి నీకు తెలియదా అని అడగబోయాను. అడగను.

నివేదిక వెళ్ళిపోయింది. ఆయన మెచ్చుకున్నాడు. అక్కడితో వదిలెయ్. ముందు పట్టా.

ఈ వారం నా ఒంట్లో బాగాలేదు. ఇంతే.

ఒజెల్లా


మార్స్‌డెన్
డిసెంబరు 10

మిస్ ఒజెల్లా గారికి,

మీరు అడగలేదు. అయినా చెప్తున్నాను.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండక్కి బస్సెక్కి ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం అమ్మమ్మా నేనూ వరండాలో పెకాన్ గింజలు ఒలుస్తున్నాం. ఎండ పచ్చగా, నిద్రమత్తుగా ఉంది. మాటల్లో ఆ నివేదిక సంగతి చెప్పాను, మెచ్చుకుంటుందని.

"చేపలు కలలోకొస్తే ఏమిటని ఆ డాక్టరు నిన్ను అడిగాడా?"

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"తెలియదన్నాను."

ఆవిడ చేతిలో గింజ పగలలేదు. "నువ్వు కడుపున పడ్డావని మీ అమ్మకంటే ముందు నాకు తెలిసింది. మూడు చేపలు, వెండిలా మెరుస్తూ నా ఒళ్ళో పడ్డాయి. ఆ కథ చెబితే గానీ అన్నం తినేదానివి కాదు. తెలియదన్నావా? మరి నేనెవరినే?"

అంతే. లేచి పొయ్యిమీద గిన్నె చూసుకుంది. తర్వాత రెండు రోజులూ మామూలుగానే ఉంది. దెబ్బలాడినా బాగుండేది.

నివేదిక రాసిన రోజు వార్డులో జరిగింది ఇది. నర్సు "ఆర్డీలియా, మాత్ర" అంది. ఆవిడ గోడవైపు తిరిగింది. ఆ నర్సుకు ఇరవై రెండేళ్ళు, ఆవిడ మనవరాలి వయసు. నేను వంగి "మిసెస్ టబ్స్" అన్నాను. "ఏమ్మా?" అని వెంటనే పలికింది. అది నా చెవులతో విన్నాను. అయినా స్పందన లేదనే రాశాను, మిగతావాళ్ళ కాగితాల్లో అలాగే ఉందని.

తర్వాత డాక్టర్ హాల్వర్సన్ వచ్చి కూర్చున్నారు. ఆవిడ ఆయనతో కాదు, నాతో మాట్లాడింది. "కలలో గంపెడు చేపలమ్మా, నీలంగా నిగనిగలాడుతూ. మా ఇంట్లో ఎవరో నీళ్ళోసుకున్నారు. కోడలు వెర్నా బరువులెత్తకుండా చూసే దిక్కులేదు. నన్ను ఇంటికి పంపమని చెప్పు."

"చేపలంటే ఏమిటి?" అన్నారాయన నావైపు తిరిగి.

"ఈ పిల్లకు తెలుసులే" అని ఆవిడ నన్ను చూసి నవ్వింది.

"నాకు తెలియదు" అన్నాను.

ఆ నవ్వు కాసేపు అలాగే ఉండి, దీపం వత్తి తగ్గించినట్టు తగ్గింది. ఆ రోజునుంచి ఆవిడ నాతోనూ మాట్లాడదు.

వెర్నా చూడటానికి వచ్చినప్పుడు అడిగాను. "నాకా? ఆ ఆశ లేదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారమ్మా" అని నవ్వింది. "మా అత్తకు చేపలు కనబడ్డప్పుడల్లా పిల్లలు పుడితే మా వీధికి బడి చాలదు. పంపించండి, ఇల్లు బోసిగా ఉంది." మా అమ్మమ్మ కలలూ చాలాసార్లు తప్పాయి. ఎవరూ ఆవిడను ఆసుపత్రిలో పడేయలేదు.

ఫిబ్రవరి 21న వైద్యుల కమిటీ కూర్చుంటుంది. ఆవిడను ఇంటికి పంపాలా, రెండువందల మైళ్ళ దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి పంపాలా అని తేలుస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏళ్ళకు గానీ తిరిగి రారు. కమిటీ ముందున్న పెద్ద కాగితం నాదే.

దాన్ని మార్చుకోవచ్చా అని డాక్టర్ హాల్వర్సన్‌ను అడిగాను. ఆయన కోప్పడలేదు. "సంతకం చేసినదాన్ని మారిస్తే నీ రెండు మాటల్లో దేన్ని నమ్మమంటావు? అప్పుడు ఈ ఆరు నెలల శిక్షణనూ సరైనదని నేను రాయలేను. ఆలోచించుకో" అన్నారు.

మీరేమో వదిలెయ్ అన్నారు. అలా ఎందుకన్నారో నాకు తెలియాలి.

కెటూరా


సవానా
1980 జనవరి 2

కెటూరా, నా తల్లీ,

నీ ఉత్తరం మూడు వారాలు బల్లమీదే ఉంది. నీరు వచ్చింది, పోయింది, వచ్చింది. నేను అక్కడే కూర్చున్నాను.

1951. నల్లవాళ్ళకు వేరుగా పెట్టిన ఒక ఆసుపత్రిలో నాకు మొదటి ఉద్యోగం. మనస్తత్వవేత్తగా ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళిన మొదటి నల్ల ఆడదాన్ని. పైన తెల్ల డాక్టరు. నేను రాసిన ప్రతి అక్షరాన్నీ ఆయన కళ్ళజోడు దించి చదివేవాడు. ఆల్చిప్పలు ఏరుకుని బతికే ఒక మనిషిని తెచ్చారు. నిద్రలో ముసలి దయ్యం గుండెలమీద ఎక్కి స్వారీ చేస్తోందని, నిద్రపోవాలంటే భయమని చెప్పాడు. మా తీరంలో ఆ మాట ఎరగని ఇల్లు లేదు. అది లోపలికి రాకుండా కిటికీలకు నీలం రంగు వేసుకుంటాం. ఆ వారమే మా అమ్మ వేయమంటే మా కిటికీలకు నేనే వేశాను. అప్పటికి నా గోళ్ళలో ఆ నీలం ఇంకా పోలేదు. ఆ చేత్తోనే రాశాను: "రోగికి లేనివి కనిపిస్తున్నాయి."

ఆ మనిషిని తొమ్మిదేళ్ళు ఉంచేశారు. బయటికి రాలేదు. అక్కడే పోయాడు.

పట్టా వచ్చాక మాట్లాడదాం అనుకున్నాను. పట్టా వచ్చింది. మాట్లాడకుండా ఉండే అలవాటు దానికంటే ముందే వచ్చింది. పదహారు మందిని ఒడ్డు చేర్చానని నీకు గొప్పగా రాశాను. నీళ్ళలో ఎవరిని వదిలి ఒడ్డెక్కారని వాళ్ళను ఒక్కసారీ అడగలేదు. నీ నివేదిక చదివినప్పుడు ఒంట్లో బాగాలేదని రాశాను చూడు. జ్వరం లేదు. అందులో నా వాక్యమే కనిపించింది.

నవంబరులో వదిలెయ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇలా చెయ్యి అని మాత్రం చెప్పను. పోయేది నీ ఆరు నెలలు, నావి కావు.

ఒజెల్లా


మార్స్‌డెన్
జనవరి 13

మిస్ ఒజెల్లా గారికి,

రెండు రోజులు మీమీద కోపంతో ఉన్నాను. బట్టలుతికే దుకాణంలో కూర్చుని, గాజు వెనక నా దుప్పటి గుండ్రంగా తిరుగుతుంటే, మీతో పెద్దగా పోట్లాడాను. పక్కనున్నావిడ లేచి దూరంగా కూర్చుంది. నేనూ లేని మనిషితో మాట్లాడుతున్నానని అప్పుడు తోచి నవ్వొచ్చింది. నన్ను ఏ పోలీసూ తీసుకెళ్ళలేదు.

నిన్న కలలో ఈ మంచు అంతా మెల్లగా నీలమైపోయింది. అందులో ఒక మనిషి నావైపు వీపు పెట్టి నడుస్తున్నాడు. పిలుద్దామంటే పేరు తెలియదు. మీరు రాయలేదు.

ఆయన పేరేమిటి?

కెటూరా


సవానా
జనవరి 22

తల్లీ,

కేటో మంగిన్. మిస్టర్ కేటో మంగిన్. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ పేరు రాయడం ఇదే మొదటిసారి.

నిన్న మా పాస్టరు కారులో మిస్టర్ మంగిన్ చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఎనభై ఏళ్ళావిడ. అంతా చెప్పాను. ఆవిడ "ఇన్నాళ్ళు పట్టిందా నీకు?" అంది. క్షమించానని అనలేదు. టీ ఇచ్చింది. తాగాను.

కమిటీ ముందు నిజం చెప్పాలని నువ్వు నిర్ణయించుకున్నావని నీ ఉత్తరంలోనే తెలిసింది. కాబట్టి పని మాట. చేపల కల నిజమని వాదించకు. వెర్నా సంగతి ఎలా తేలినా దానిమీద ఆధారపడకు. అది నీకెలా తెలుసో, ఎవరి ఒళ్ళో విన్నావో అది రాయి. పిలిస్తే పలికిందని రాయి, ఏ పేరుతో పిలిస్తే పలికిందో రాయి. భర్త పోయిన మూడు నెలలకు ఆయనతో మాట్లాడే ఆడవాళ్ళు మీ పల్లెలో ఎంతమందో రాయి. తప్పు నీదని ఒకే వాక్యంలో ఒప్పుకో. రెండో వాక్యం రాస్తే ఏడుపవుతుంది.

భోజనం చేసి వెళ్ళు.

ఒజెల్లా


మార్స్‌డెన్
ఫిబ్రవరి 24

మిస్ ఒజెల్లా గారికి,

భోజనం చేసే వెళ్ళాను. చేతులు మాత్రం చల్లగానే ఉన్నాయి.

పొడుగాటి బల్ల. ఐదుగురు. కిటికీ అవతల కరుగుతున్న మంచు చుక్కచుక్కగా కారుతోంది. నా గొంతు ఎవరిదో అన్నట్టు దూరంనుంచి వినిపించింది. మీరు చెప్పినట్టే రాసింది చదివాను. మా అమ్మమ్మ మూడు చేపలనూ చదివాను. నేను భయపడ్డాను గానీ, ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

ఒకాయన అడిగారు: "అయితే కలల్లో కబుర్లు వస్తాయని నమ్మేవాళ్ళందరూ ఆరోగ్యవంతులేనంటారా?"

"కాదండీ. మా ఊళ్ళో చాలామంది నమ్ముతారు. నమ్మి వంట చేసుకుంటారు, పొలానికి పోతారు. భర్త పోయాక మిసెస్ టబ్స్ తిండి మానేశారు. ఆ దుఃఖానికి వైద్యం కావాలి. చేపలకు అక్కర్లేదు."

డాక్టర్ హాల్వర్సన్ కలం బల్లమీద పెట్టారు. "ఆ రోజు నిన్ను సూటిగానే అడిగాను కదా. ఎందుకు చెప్పలేదు?"

"మీ ముందు చదువుకున్నదానిలా కనబడాలనుకున్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. నామీద కోపమో, మరేమిటో తెలియలేదు. నన్ను బయట కూర్చోమన్నారు. నలభై నిమిషాలు. తర్వాత ఆయనే వచ్చి చెప్పారు. మిసెస్ టబ్స్‌ను ఇంటికి పంపుతున్నారు. వారానికొకసారి వచ్చి ఎవరితోనైనా మాట్లాడి వెళ్ళాలి, అంతే. నా శిక్షణ మాత్రం లెక్కకు రాదు. సెప్టెంబరు నుంచి మళ్ళీ మొదలు. పట్టా ఒక ఏడాది వెనక్కి పోయింది. "సంతకం నీదే కాబట్టి" అన్నారు. "అవునండీ" అన్నాను. వెళ్ళబోతూ ఆయనే, "ఈ ఏడాది ఇలాంటి కాగితాలు ఇంకా ఉన్నాయేమో. నాతో కలిసి చూస్తావా?" అన్నారు. చూస్తానన్నాను. గదికి పోయి ఏడ్చాను. ఇది కూడా అన్నది అన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మమ్మకు ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. ఈ మేలో పట్టా తెస్తానని ఊరంతా చెప్పుకుంది.

మర్నాడు పొద్దున మిసెస్ టబ్స్ వెళ్ళిపోయే వేళకు నేను వార్డులో ఉన్నాను. ఊదారంగు టోపీ, నిలువెత్తు కోటు, చేతులకు తొడుగులు. మూడున్నర నెలలుగా ఆసుపత్రి గౌనులో చూసిన మనిషేనా అనిపించింది. వెర్నా సంచి పట్టుకుని వెనకే వస్తోంది. డాక్టర్ హాల్వర్సన్ తన గది తలుపు దగ్గర కాగితాలతో నిలబడి, "శుభం, మిసెస్ టబ్స్" అన్నారు. ఆవిడ రాణిలా తల పంకించింది. నన్ను దాటి నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇదుగో అమ్మాయ్. ఇన్నాళ్ళనుంచీ చూస్తున్నాను, అడగనేలేదు. ఎవరి పిల్లవి నువ్వు?"

ఆ వసారా పొడుగునా ఎండ పడుతోంది. నర్సులు ఆగారు. ఆయనా అక్కడే ఉన్నారు.

"మిసిసిపీ అమ్మా. షుగర్ బెండ్. బోల్డెన్ల పిల్లను. మా అమ్మమ్మ పేరు లూటీ బోల్డెన్. పత్తి ఏరేది, ఇప్పుడు చూపు ఆనక మానేసింది. మా తాత ఎజ్రా. రంపపు మిల్లులో రెండు వేళ్ళు పోయాయి. మా అమ్మ నన్ను కని బతకలేదు, పేరు జూనా."

నేనింతవరకూ ఈ ఊళ్ళో ఈ పేర్లు ఒక్కసారీ పైకి అనలేదు. ఆవిడ కళ్ళు చికిలించి నా ముఖంలో ఎవరినో వెతికింది.

"బోల్డెన్లంటే, చిన్నప్పుడు బాప్తిస్మానికి నదిలో ముంచితే పాస్టరును కరిచిన ఎజ్రా, ఆ బోల్డెన్లా? మా ఆయనదీ ఆ పక్కే, ఈ కథ చెప్పి చెప్పి చచ్చాడు."

వెర్నా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను డాక్టర్ హాల్వర్సన్ వైపు చూడలేదు.

"అవునమ్మా" అన్నాను. "వాళ్ళమే."

మీ కెటూరా